పేరు చెప్పుకోని పనివాడి పెట్టె

2011లో ఇంటర్నెట్‌లో ఒక ఇంజినీరు హెడ్‌ఫోన్ ఆంప్లిఫయర్ డిజైన్ ఒకటి పెట్టాడు. సర్క్యూట్ బొమ్మ, బోర్డు ఫైళ్లు, ఏ విడిభాగం ఎక్కడ కొనాలో చెప్పే పట్టిక, కొలతల గ్రాఫులు, అన్నీ ఉచితం. ఎవరైనా కట్టుకోవచ్చు, కట్టి అమ్ముకోవచ్చు కూడా. డిజైన్‌ని మార్చి చలామణీ చేయకూడదన్నది ముఖ్యమైన షరతు. దానికి ఆయన పెట్టిన పేరు ఆబ్జెక్టివ్2, వాడుకలో ఓ2. తన పేరు మాత్రం చెప్పలేదు. ఎన్‌డబ్ల్యూఏవీగై అన్న మారుపేరు తప్ప ఆయనెవరో లోకానికి తెలియదు. 2012 మధ్య నుంచి ఆయన రాయడం ఆపేశాడు, మళ్లీ కనిపించలేదు. పెట్టె మాత్రం నిలిచింది. అమెరికాలో జేడీఎస్ ల్యాబ్స్ లాంటి చిన్న కంపెనీలు దాన్ని ఏళ్ల తరబడి కట్టి అమ్మాయి.

మనిషి మాయమైన కథ చాలామంది రాశారు. నాకు ఆ కథ కన్నా బోర్డు మీద ఉన్న పని ముఖ్యం. తక్కువ డబ్బుతో కంప్యూటర్ నుంచి మంచి ధ్వని రాబట్టాలంటే డబ్బు ఎక్కడ పెట్టాలో, ఎక్కడ పెట్టనక్కర్లేదో ఆ బోర్డు చూస్తే తెలుస్తుంది. పైగా గడ్చిరోలి జిల్లా ఈ చివర, సిరొంచ నుంచి భామ్రాగడ్ దాకా ఉన్న మా వైపు మనుషుల అవసరాలు ఎరిగి చేసినట్టే ఉంటుంది. ఆయన మన ఊరి పేరు విని ఉండడు, అది వేరే సంగతి.

భామ్రాగడ్ సంగతి తెలియని వాళ్లకు రెండు ముక్కలు. ఇంద్రావతి, పామలగౌతమి, పర్లకోట అనే మూడు నదులు కలిసే చోటు అది. వానలు ముదిరి పర్లకోట పొంగిందంటే రాకపోకలు బంద్. అలాంటి రోజుల్లో కరెంటు ఉంటుందన్న నమ్మకం ఎవరూ పెట్టుకోరు. ఉన్నా చాలా ఇళ్లలో ఎర్తింగ్ పేరుకే. ఆడియో సామాను కావాలంటే ఆలాపల్లి మీదుగా బయటికి రావాలి. సిరొంచ వాళ్లయితే గోదావరి దాటి కాళేశ్వరం మీదుగా తెలంగాణలోకి దిగి, హైదరాబాద్ కోఠిలో గుజరాతీ గల్లీ దాకా పోవాలి. ఇన్ని తిప్పలు పడి తెచ్చుకున్న వస్తువు చెడిపోతే ఇక్కడే బాగుచేసుకునేలా ఉండాలి. కరెంటు పోయినా పలకాలి. గోడలోంచి వచ్చే బర్ర్ చప్పుడును తన వైపు నుంచి చెవిలోకి తేకూడదు. ఓ2 ఈ మూడింటికీ నిలుస్తుంది.

ముందు కంప్యూటర్ వైపు చూద్దాం. ల్యాప్‌టాప్‌లో హెడ్‌ఫోన్ పెట్టే రంధ్రం వెనక ఒక చిన్న ఆడియో చిప్పు ఉంటుంది, ఎక్కువ వాటిలో రియల్‌టెక్ వాళ్లది. ఈ రోజుల్లో ఆ చిప్పు మరీ తీసిపారేసేది కాదు. తిప్పలు దాని చుట్టూ ఉన్నవాటితో. అదే బోర్డు మీద ప్రాసెసర్, హార్డ్‌డిస్క్, స్క్రీన్ లైటు అన్నీ క్షణక్షణం కరెంటు లాగుతుంటాయి, ఆ అలజడి ధ్వనిలోకి చొరబడుతుంది. మౌస్ కదిపినప్పుడల్లా చెవిలో సన్నగా చిరచిరమంటే కారణం ఇదే. రెండోది చార్జర్. రెండు పిన్నుల చార్జర్ పెట్టి ల్యాప్‌టాప్ ఇనుప అంచు మీద వేలు రాస్తే జివ్వుమంటుంది చూడండి, ఆ లీకేజీయే ఒక్కోసారి హెడ్‌ఫోన్‌లో హమ్‌గా వినిపిస్తుంది. స్క్వేర్‌వేవ్ ఇన్వర్టర్ మీద నడిపితే హమ్ కాస్తా బరబరగా మారుతుంది. చార్జర్ పీకి బ్యాటరీ మీద ఒక పాట విని చూడండి. చప్పుడు పోయిందంటే మీ హెడ్‌ఫోన్‌కి ఏ జబ్బూ లేదు. ఈ పరీక్షకు పైసా ఖర్చు లేదు, అయినా ఎవరూ చేయరు. నేరుగా కొత్త హెడ్‌ఫోన్ కొంటారు.

మూడోది కంటికి కనపడదు, దాన్ని పట్టించుకునేవాళ్లు తక్కువ. అది ఔట్‌పుట్ ఇంపెడెన్స్, అంటే ఆ రంధ్రం వెనక దాగి ఉన్న నిరోధం. హెడ్‌ఫోన్ మీద 32 ఓమ్‌లు అని రాసి ఉన్నా అన్ని స్వరాల దగ్గరా అది 32 కాదు. డైనమిక్ డ్రైవర్ ఉన్న చాలా హెడ్‌ఫోన్లలో బాస్ ప్రాంతంలో ఒకచోట అది బాగా పెరుగుతుంది. 100కి వెళ్లిందనుకుందాం. వెనక 40 ఓమ్‌లు దాగి ఉంటే, మామూలు స్వరాలకు 72లో 32 వంతులు, అంటే 44 శాతం వోల్టేజీ అందుతుంది. బాస్ దగ్గర 140లో 100 వంతులు, అంటే 71 శాతం. తేడా సుమారు 4 డెసిబెల్‌లు. పాట రికార్డు చేసిన ఇంజినీరు ఎరగని బాస్ మన చెవిలో తిష్ట వేస్తుంది. డోలు ఉబ్బుతుంది, గొంతు వెనక్కి పోతుంది. వెనక 40కి బదులు అర ఓమ్ ఉంటే అదే తేడా డెసిబెల్‌లో పదో వంతు లోపే. ఎన్‌డబ్ల్యూఏవీగై దీన్ని ఒక చిన్న సూత్రంగా చెప్పి ప్రచారం చేశాడు: హెడ్‌ఫోన్ ఇంపెడెన్స్‌లో ఎనిమిదో వంతు కన్నా ఔట్‌పుట్ ఇంపెడెన్స్ ఎక్కువ ఉండకూడదు. 32 ఓమ్‌ల హెడ్‌ఫోన్‌కి 4 ఓమ్‌లు దాటరాదన్నమాట. ఓ2లో ఆయన సాధించింది సుమారు అర ఓమ్.

ఆ అర ఓమ్ ఎలా వచ్చిందన్న దగ్గరే నేను ఆగిపోతాను. బోర్డు తెరిస్తే హెడ్‌ఫోన్ సాకెట్‌కి దగ్గరగా ఎనిమిది కాళ్ల ఐసీలు రెండు పక్కపక్కనే కూర్చుని ఉంటాయి. న్యూ జపాన్ రేడియో వాళ్ల ఎన్‌జెఎం4556ఏ. ఒక డాలర్ లోపు దొరికే పాత ఐసీ, ఆడియో షోకిలాలు పేరు వినగానే మొహం చిట్లించే రకం. ఇలాంటి ఐసీలను ఆప్-ఆంప్‌లంటారు, అప్పట్లో పెద్ద పేరున్నవి ఎన్నో ఉన్నాయి. వాటిని ఒక్కొక్కటే పెట్టి, అసలు హెడ్‌ఫోన్ లోడు తగిలించి, డీస్కోప్ అనే ఎనలైజర్‌తో కొలిచి, ఈ చవక ఐసీనే ఎంచుకున్నాడాయన. ఎందుకంటే తక్కువ ఓమ్‌ల హెడ్‌ఫోన్‌కి కావలసింది కరెంటు. చాలా గొప్ప ఆప్-ఆంప్‌లు నున్నటి వోల్టేజీ ఇస్తాయి గానీ కరెంటు అడిగితే చేతులెత్తేస్తాయి. 4556ఏ 70 మిల్లీఆంపియర్ల దాకా ఇస్తుంది.

అదీ చాలదనుకున్నాడు. ఒక్కో ఐసీలో రెండు ఆంప్లిఫయర్లుంటాయి. మామూలుగా ఒకటి ఎడమ చెవికి, ఒకటి కుడి చెవికి వాడితే ఒక్క ఐసీతో పని అయిపోతుంది. ఈయన ఒక్కో చెవికి ఒక్కో ఐసీ ఇచ్చి, అందులోని రెండింటినీ జోడెడ్లలా ఒకే కాడికి కట్టాడు. అయితే ఏ రెండు ఆంప్లిఫయర్లూ అచ్చు ఒకేలా ఉండవు. ఇన్‌పుట్ ఒకటే ఇచ్చినా ఔట్‌పుట్‌లో ఒకటి రెండు మిల్లీవోల్టులు అటూ ఇటూ ఉంటాయి. రెండింటి మూతులూ నేరుగా కలిపేస్తే, ఆ కొద్ది తేడాకే ఒకటి ఇంకోదాన్ని తోస్తూ కరెంటు వృథా చేస్తాయి, వేడెక్కుతాయి. అందుకని ఒక్కోదాని మూతి దగ్గర 1 ఓమ్ రెసిస్టర్ పెట్టాడు. 3 మిల్లీవోల్టుల తేడా ఉందనుకోండి, మధ్యలో 2 ఓమ్‌లు ఉన్నాయి కాబట్టి వాటి మధ్య పారేది ఒకటిన్నర మిల్లీఆంపియర్ మాత్రమే. అది లెక్కలోకి రాదు. రెండు 1 ఓమ్ రెసిస్టర్లు సమాంతరంగా ఉంటే బయటికి కనిపించేది అర ఓమ్. అంటే జంట కొట్లాడకుండా చూసే రెసిస్టర్లే ఔట్‌పుట్ ఇంపెడెన్స్ ఎంతో కూడా తేల్చేశాయి. పైసల విలువ చేసే విడిభాగం ఒకటి రెండు పనులు చేసింది. పనితనం అంటే ఏమిటని ఎవరైనా నన్ను అడిగితే ఆ నాలుగు రెసిస్టర్లు చూపిస్తాను.

వాల్యూమ్ తిప్పే ఆల్ప్స్ పాట్ ఎక్కడ పెట్టాడో చూడండి. చాలా ఆంప్లిఫయర్లలో అది మొదట్లోనే ఉంటుంది: సిగ్నల్ లోపలికి రాగానే దాన్ని తగ్గించి, తర్వాత పెంచుతారు. దాంతో వాల్యూమ్ ఎంత తగ్గించినా పెంచే మెట్టు చేసే సొంత గుసగుస మాత్రం తగ్గదు. రాత్రిపూట నిదానంగా వినేవాళ్లకు పాటల మధ్య ఆ స్‌స్‌ మనే శబ్దం తెలుస్తూనే ఉంటుంది. ఓ2లో ముందు ఎన్‌జెఎం2068 అనే ఐసీ సిగ్నల్‌ని పెంచుతుంది, ఆ తర్వాతే పాట్. వాల్యూమ్ తగ్గిస్తే పాటతో పాటు ఆ మెట్టు చేసిన గుసగుస కూడా తగ్గుతుంది. పాట్ విలువ కూడా చిన్నది, 10 కిలోఓమ్‌లు, ఎందుకంటే రెసిస్టెన్స్ పెరిగేకొద్దీ అది చేసే చప్పుడూ పెరుగుతుంది. పాట్ తర్వాత 2.2 మైక్రోఫారడ్‌ల ఫిల్మ్ కెపాసిటర్, దానికి 40 కిలోఓమ్‌ల రెసిస్టర్ తోడు. కంప్యూటర్ నుంచి డీసీ కొద్దిగా తప్పించుకొచ్చినా అక్కడ ఆగిపోతుంది. పాట మాత్రం ఆగదు, ఈ జంట కోసేది 2 హెర్ట్జ్ దిగువ ఉన్నదాన్ని. మన చెవి 20 కింద వినదు.

ఈ ఏర్పాటుకు ఒక ధర ఉంది, దాన్ని ఆయన దాచలేదు. పెంచడం ముందే జరుగుతుంది కాబట్టి, వచ్చే సిగ్నల్ పెద్దదై, పెంపు కూడా ఎక్కువ పెట్టుకుంటే వాల్యూమ్ ఎంత తగ్గించినా ధ్వని పగులుతుంది. ముందున్న గెయిన్ బటన్‌తో 2.5 రెట్లు, 6.5 రెట్లు అని రెండు ఎంపికలుంటాయి. 2 వోల్టులిచ్చే డాక్ (కంప్యూటర్ అంకెలను ధ్వని సిగ్నల్‌గా మార్చే పరికరం) తగిలించి 6.5 నొక్కితే 13 వోల్టులు కావాలి. ఓ2 ఇవ్వగలిగింది సుమారు 7. కాబట్టి మొదటిదే నొక్కాలి. ఏ బటన్ ఎప్పుడో చదవకుండా వాడినవాళ్లు ఆంప్లిఫయర్‌ని తిట్టుకుంటారు.

మూడో పనితనం బ్యాటరీల దగ్గర. దాని విలువ మా ఊళ్లలో వాళ్లకు ఇంకాస్త ఎక్కువ తెలుస్తుంది. ఓ2కి ముందు హెడ్‌ఫోన్ ఆంప్ సొంతంగా కట్టుకునేవాళ్లు ఎక్కువగా కట్టింది సీమోయ్. చూ మోయ్ అనే ఆయన 1998 ప్రాంతంలో ప్రచురించిన డిజైన్ అది, పిప్పరమెంటు డబ్బాలో పట్టేది. ఒకే 9 వోల్టుల బ్యాటరీని రెసిస్టర్లతో మధ్యకు చీల్చి, ఆ మధ్య బిందువునే గ్రౌండ్ అనుకోమంటుంది. నేర్చుకోవడానికి గొప్ప బడి. కానీ ఆ గ్రౌండ్ ఉత్తుత్తిది. డోలు దెబ్బ పడి హెడ్‌ఫోన్ కరెంటు గట్టిగా లాగిందంటే ఆ బిందువే ఊగుతుంది. ఓ2లో బ్యాటరీలు రెండు, ఒకటి పైకి 9, ఒకటి కిందికి 9, మధ్యలో అసలు సిసలు గ్రౌండ్.

రెండు బ్యాటరీలంటే ఇంకో ప్రమాదం. ఒకటి ముందుగా అయిపోయిందనుకోండి. సర్క్యూట్ ఒక పక్కకు ఒరుగుతుంది, ఔట్‌పుట్‌లో డీసీ నిలబడుతుంది. ఆ డీసీ హెడ్‌ఫోన్ కాయిల్‌ని కాల్చేయగలదు. 500 రూపాయలదైతే పోనీ అనుకుంటాం. ఏళ్ల తరబడి కూడబెట్టి కొన్నది అయితే? అందుకని ఆయన వోల్టేజీని గమనించే ఒక కంపేరేటర్ ఐసీ, స్విచ్చుల్లా పనిచేసే రెండు మాస్‌ఫెట్‌లు పెట్టాడు. వోల్టేజీ ఒక హద్దు దిగిందంటే రెండు వైపులా ఒకేసారి కరెంటు తెగిపోతుంది. స్విచ్ వేసినప్పుడు, తీసినప్పుడు చెవిలో పడే ధన్‌మనే దెబ్బను కూడా అదే తగ్గిస్తుంది. ధ్వనికి ఇదేమీ మెరుగు తీసుకురాదు. ప్రకటనల్లో రాసుకోవడానికి పనికిరాదు. అయినా బోర్డులో దీనికి చోటిచ్చాడు. పక్కవాడి హెడ్‌ఫోన్ తనదే అనుకుంటేనే ఇంత జాగ్రత్త వస్తుంది.

కరెంటు ఉన్నప్పుడు అది అడాప్టర్ మీద నడుస్తూ, 7812, 7912 రెగ్యులేటర్లతో పైకి 12, కిందికి 12 వోల్టులు తయారుచేసుకుంటుంది. లోపల రీచార్జబుల్ నికెల్ బ్యాటరీలుంటే వాటినీ నెమ్మదిగా నింపుతుంది. కరెంటు పోతే బ్యాటరీల మీద సాగుతుంది. ఇక్కడ రెండు జాగ్రత్తలు. అడాప్టర్ ఏసీ ఇచ్చేది అయి ఉండాలి, బజారులో దొరికే డీసీ అడాప్టర్ పనికిరాదు. 12 నుంచి 20 వోల్టుల మధ్య ఏసీ ఇచ్చే ట్రాన్స్‌ఫార్మర్ అయితే సరి. మామూలు ఆల్కలైన్ సెల్ పెట్టి అడాప్టర్ తగిలించకూడదు, అది చార్జ్ అయ్యే రకం కాదు, కారిపోతుంది, పగలనూ వచ్చు.

బోర్డు మీద ఉన్నవన్నీ కాళ్లున్న పాతరకం విడిభాగాలే. భూతద్దంతో అతికించాల్సిన చిన్న చిప్పులు లేవు. ఇది కూడా ఆలోచించి చేసిందే. రేడియోలు, మిక్సీలు బాగుచేసే మెకానిక్ తన మామూలు సోల్డరింగ్ ఐరన్‌తో దీన్ని కట్టగలడు, పదేళ్ల తర్వాత ఐసీ పోతే సాకెట్‌లోంచి పీకి ఇంకోటి గుచ్చగలడు. 7812 అడిగితే ఏ చిన్న పట్నంలోనైనా దొరుకుతుంది. 4556ఏ కోసమైతే హైదరాబాద్ నుంచో ఆన్‌లైన్‌లోనో తెప్పించుకోవాలి.

లోపాలు లేవా? ఉన్నాయి. అసలు డిజైన్‌లో కరెంటు వైరు, ఇన్‌పుట్, ఔట్‌పుట్ అన్నీ ముందు పక్కనే. టేబుల్ మీద పెడితే ముందంతా వైర్ల చిక్కు. టేబుల్ మీద వాడుకోవడానికి ఇంకో డిజైన్ తెస్తానని ఆయన చెప్పాడు, అది రాకముందే మాయమయ్యాడు. రాతలో కూడా కాస్త పెంకితనం ఉండేది, తన కొలతల ముందు మిగతా వాళ్ల చెవులకు విలువ ఇచ్చేవాడు కాదు. ఆ పెంకితనం లేకపోతే ఈ బోర్డు పుట్టేది కాదేమో కూడా.

అన్నిటికన్నా ముఖ్యమైన లోపం ఆంప్లిఫయర్‌ది కాదు, దాని మీద మనం పెట్టుకునే ఆశది. ల్యాప్‌టాప్ రంధ్రంలోంచి చిరచిర వస్తుంటే ఓ2 దాన్ని శుభ్రం చేయదు, శ్రద్ధగా ఇంకా పెద్దది చేసి వినిపిస్తుంది. దానికి మందు కంప్యూటర్ బయట, యూఎస్‌బీ మీద నడిచే డాక్. ఆయనే 2012లో యోయోడైన్ అనే సంస్థతో కలిసి ఓడాక్ అని ఒకటి తెచ్చాడు. ఆ తర్వాత ఆ పని మరీ చవకైపోయింది. ఆపిల్ వాళ్ల యూఎస్‌బీ-సీ హెడ్‌ఫోన్ డాంగిల్ అమెరికాలో 9 డాలర్లు. వేలెడు వైరు చివర ఉన్న బుడిపెలోనే డాక్, ఆంప్ రెండూ. కంప్యూటర్‌కి పెడితే సుమారు 1 వోల్టు ఇస్తుంది, ఔట్‌పుట్ ఇంపెడెన్స్ దాదాపు 1 ఓమ్. 2011లో ఓ2 ఏ ప్రమాణం కోసం పోట్లాడిందో ఆ ప్రమాణం ఇప్పుడు ఆ బుడిపెలో ఇమిడిపోయింది. కొన్ని ఆండ్రాయిడ్ ఫోన్లకు పెడితే మాత్రం శబ్దం తక్కువ వస్తుంది, కంప్యూటర్‌కి ఆ బాధ లేదు.

ఇంకో సంగతి. హెడ్‌ఫోన్ సొంత ఒంపులను ఏ ఆంప్లిఫయరూ సరిచేయదు. ఒక హెడ్‌ఫోన్ పుట్టుకతోనే బాస్ ఎక్కువ పలికితే, ఓ2 ఆ ఎక్కువ బాస్‌ను నీటుగా పలికిస్తుంది. దాన్ని సరిచేసేది ఈక్వలైజర్, అది ఉచితం. విండోస్‌లో ఈక్వలైజర్ ఏపీఓ వేసుకుని, ఫిన్లండ్‌కు చెందిన యాకో పసానెన్ తయారుచేసిన ఆటోఈక్యూలో మన మోడల్ పేరు వెతికితే దానికి తగ్గ సెట్టింగ్ దొరుకుతుంది. పెంచిన స్వరాలు పగలకుండా అందులో చెప్పిన ప్రీఆంప్ తగ్గింపును తప్పక ఉంచాలి. ఆ తగ్గింపుతో పాట మెల్లగా అయితే, అప్పుడు ఓ2 లాంటి దాని 7 వోల్టులు అక్కరకొస్తాయి.

కొనేవాళ్లకు నా మాట ఇది. చేతిలో ఉన్న డబ్బులో పెద్ద వాటా హెడ్‌ఫోన్‌కే పెట్టండి. చార్జర్ పీకే పరీక్ష, ఈక్వలైజర్, రెండూ ముందు చేయండి, ఖర్చు లేదు. ఆ తర్వాత డాంగిల్. 16, 32 ఓమ్‌ల హెడ్‌ఫోన్లున్నవాళ్లు అక్కడ ఆగిపోవచ్చు, ఓ2 అవసరం లేదు. 250, 300 ఓమ్‌ల హెడ్‌ఫోన్ ఉండి గొంతు నిండుగా పలకడం లేదనిపిస్తేనే, మీ ఊరి రేడియో మెకానిక్‌కి ఆ సర్క్యూట్ బొమ్మలు చూపించి ఓ2 కట్టించుకోండి. అప్పుడు ఔట్‌పుట్‌కి 4556ఏ అనే ఐసీనే అడిగి తీసుకోండి. దానికి బదులు ఇంకా మంచిదని ఖరీదైనది చేతిలో పెడితే మాత్రం వద్దనండి.